ఇచ్చిన తేదీనా, అందిన తేదీనా?

ఒక శాసనసభ సచివాలయంలో బిల్లుల విభాగంలో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి పదవీ విరమణ చేశాను. చట్టాలు ఎలా తయారవుతాయో అడగదలచుకున్నవారు రాయండని గత సంచికలో కోరాను. ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. అన్నీ చదివాను. ఒకే సందేహం పదిమంది అడిగినచోట ఒక్కరి ఉత్తరం తీసుకున్నాను. పేర్లు వేయవద్దని కొందరు కోరారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

అమ్మా, బిల్లు సభ ఆమోదం పొందిందని రాత్రి వార్తల్లో చెబుతారు. తెల్లారేసరికి అందరూ ‘కొత్త చట్టం వచ్చేసింది’ అంటారు. మా అధ్యాపకుడు మాత్రం ఇంకా రాలేదంటారు. ఎవరి మాట నిజం? (డిగ్రీ విద్యార్థిని)

మీ అధ్యాపకుడి మాటే నిజం. ‘ఆమోదం’ అన్న ఒక్క మాట కింద వార్తల్లో నాలుగు వేర్వేరు ఘట్టాలు కలిసిపోతున్నాయి. ఒక సభ ఒప్పుకోవడం, రెండో సభ ఉంటే అదీ ఒప్పుకోవడం, దేశాధినేత సంతకం, ఆ తరువాత అమలు తేదీ. ఈ నాలుగో ఘట్టాన్ని చాలామంది మరిచిపోతారు.

సమాచార హక్కు చట్టం సంగతే చూడు. లోక్‌సభ 2005 మే 11న, రాజ్యసభ మరునాడు మే 12న ఆమోదించాయి. రాష్ట్రపతి ఆమోదం జూన్ 15న లభించింది. పూర్తిగా అమలులోకి వచ్చింది మాత్రం అక్టోబర్ 12న. ఆ సంవత్సరం జూలైలో ఎవరైనా దరఖాస్తు పట్టుకుని కార్యాలయానికి వెళ్లి ఉంటే, చట్టం పుస్తకంలో ఉంది, అడిగే హక్కు ఇంకా చేతికి రాలేదు. ఆ నూట ఇరవై రోజులు ఊరికే పోలేదు. సమాచార అధికారులను నియమించాలి, ఏ కార్యాలయంలో ఏ రికార్డులున్నాయో ప్రకటించాలి అన్న సెక్షన్లు మాత్రం వెంటనే అమలయ్యాయి. ముందు ఇల్లు సర్ది, ఆ తరువాత తలుపు తీశారన్నమాట. గడువు అవసరమైన చోట దాన్ని ఎలా వాడాలో ఆ చట్టం రాసినవారికి తెలుసు.

అన్ని చట్టాలకూ ఆ అదృష్టం పట్టదు. ఢిల్లీ అద్దె చట్టం 1995లో రెండు సభలూ దాటింది, రాష్ట్రపతి ఆమోదమూ పొందింది. అమలు తేదీ ప్రకటన మాత్రం రానేలేదు. ఇంకా పెద్ద ఉదాహరణ రాజ్యాంగంలోనే ఉంది. 1978 నాటి 44వ సవరణలో ముందస్తు నిర్బంధానికి గురైనవారి రక్షణను పెంచే మూడో సెక్షన్ ఉంది. పార్లమెంటు మూడింట రెండు వంతుల మెజారిటీతో ఆమోదించిన ఆ మాటలకు, అమలు తేదీ నిర్ణయించే ఒక్క నోటిఫికేషన్ ఇన్ని దశాబ్దాలుగా వెలువడలేదు. నేను ఈ విషయం మొదటిసారి తెలుసుకున్న రోజు చాలాసేపు బాధపడ్డాను.

అందుకే ఏ చట్టమైనా చేతికి వస్తే మొదటి సెక్షన్‌ను దాటేయవద్దు. ‘ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించే తేదీ నుంచి అమలులోకి వస్తుంది’ అని ఉందా, ‘వెంటనే’ అని ఉందా, అక్కడే తెలుస్తుంది.

బిల్లుకు మూడు పఠనాలు ఉంటాయంటారు. నిజంగా మూడుసార్లు చదువుతారా? (పోటీ పరీక్షలకు తయారవుతున్న యువకుడు)

ఇప్పుడు చదవరు. ఒకప్పుడు చదివేవారు. అచ్చు ఖరీదైన రోజుల్లో, ప్రతి సభ్యుడి చేతికీ ప్రతి ఇవ్వడం కుదరని కాలంలో, బ్రిటిష్ పార్లమెంటులో గుమాస్తా నిలబడి బిల్లును బిగ్గరగా చదివి వినిపించేవాడు. పద్ధతి పోయినా పేరు నిలిచింది. బ్రిటన్ నుంచి పార్లమెంటరీ విధానం తీసుకున్న దేశాలన్నింటికీ ఆ పేరే వెళ్లింది.

పరీక్ష కోసం ఇలా గుర్తుపెట్టుకోండి. మొదటి పఠనం అంటే బిల్లును ప్రవేశపెట్టడం. రెండోది అసలు పని, దానిలో రెండు భాగాలు. ముందు బిల్లు ఉద్దేశం మీద చర్చ, తరువాత క్లాజుల (బిల్లులో నంబర్లు వేసిన అంశాల) వారీగా పరిశీలన, సవరణలు, ప్రతి క్లాజు మీదా ఓటు. మూడోది సవరణలన్నీ చేరిన బిల్లును మొత్తంగా ఆమోదించాలా వద్దా అన్న తీర్మానం.

పరీక్షలో అడగని ముచ్చట ఒకటి చెబుతాను. లోక్‌సభలో క్లాజుల వారీ ఓటింగు రెండో క్లాజుతో మొదలవుతుంది. చట్టం పేరు, అమలు తేదీ ఉండే ఒకటో క్లాజును, ‘పార్లమెంటు ఈ విధంగా శాసించడమైనది’ అన్న అర్థం వచ్చే వాక్యాన్ని, పొడుగాటి పేరును అన్నిటికన్నా చివర ఓటుకు పెడతారు. బిడ్డ పుట్టాకే కదా పేరు! లోపలి సరుకు ఎలా తేలిందో చూశాకే పైన ఏమి రాయాలో తెలుస్తుంది. కొత్తగా చేరిన రోజుల్లో ఇది కేవలం ఆచారమనుకున్నాను. ఒక బిల్లుకు ఆఖరి గంటలో వచ్చిన సవరణతో దాని పేరే మార్చవలసి వచ్చినప్పుడు అర్థమైంది.

నలభై ఏళ్లు పిల్లలకు పౌరశాస్త్రం చెప్పాను. ఇప్పుడు టీవీలో సభలు చూస్తుంటే మనసు విరిగిపోతోంది. కుర్చీలు ఖాళీ. ఉన్నవాళ్లు వినరు. ‘అవును అనేవారు... కాదు అనేవారు...’ అంటూ రెండు నిమిషాల్లో మూజువాణి ఓటు. చట్టం చేయడమంటే ఇదేనా? (విశ్రాంత ఉపాధ్యాయుడు)

మాస్టారూ, మీ బాధ నాకు తెలుసు. అయితే మీరు చూస్తున్నది పెళ్లిలో తలంబ్రాల ఘట్టం. సంబంధం కుదిరిందీ, మాటలు జరిగిందీ ఆ పందిట్లో కాదు. బిల్లు విషయంలో ఆ మాటలు జరిగే చోటు కమిటీ గది, అంటే కొద్దిమంది సభ్యులు కూర్చుని బిల్లును విడిగా పరిశీలించే చోటు.

ఎన్నో దేశాల్లో ఇదే పద్ధతి. న్యూజిలాండ్‌లో 1951 నుంచి రెండో సభ లేదు. ఉన్న ఒక్క సభే తొందరపడకుండా ఉండటానికి, మామూలుగా బిల్లులను సెలెక్ట్ కమిటీకి పంపి ప్రజల నుంచి రాతపూర్వక అభిప్రాయాలు పిలుస్తారు. రాసినవారిలో కొందరిని పిలిపించి వింటారు కూడా. మన పార్లమెంటులో శాఖల వారీ స్థాయీ సంఘాలు (స్టాండింగ్ కమిటీలు) 1993లో పూర్తి రూపంలో మొదలయ్యాయి. ఇప్పుడు ఇరవై నాలుగు ఉన్నాయి. ఒక్కొక్క దానిలో లోక్‌సభ నుంచి ఇరవై ఒక్కరు, రాజ్యసభ నుంచి పది మంది. ఆ గదుల్లోకి కెమెరాలు వెళ్లవు. టీవీ కోసం మాట్లాడే అవసరం ఉండదు కాబట్టి, బయట ఒకరినొకరు దుమ్మెత్తిపోసుకునేవారు మా శాసనసభ కమిటీ గదిలో ఒకే క్లాజు మీద తలలు దగ్గర పెట్టి కూర్చోవడం నేను కళ్లారా చూశాను. ప్రతిపక్ష సభ్యుడు చెప్పిన మాటను అధికార పక్ష సభ్యుడు తన సవరణగా రాసుకోవడమూ చూశాను. పేరు ఎవరికి వచ్చిందన్నది ఆ గదిలో ఎవరూ పట్టించుకోలేదు.

కాబట్టి ఖాళీ కుర్చీలను చూసి కలవరపడకండి. కలవరపడవలసింది బిల్లులు ఆ గదికి వెళ్లకుండానే సభ దాటిపోతున్నందుకు. 2009-14 నాటి 15వ లోక్‌సభ కాలంలో పదింట దాదాపు ఏడు బిల్లులు కమిటీల పరిశీలనకు వెళ్లాయి. 2019-24 నాటి 17వ లోక్‌సభలో ఆరింట ఒకటి వెళ్లింది. కమిటీకి పంపి తీరాలన్న నియమం మన దగ్గర లేదు. కమిటీ చెప్పింది ప్రభుత్వం వినాలన్న నియమమూ లేదు. మీ పూర్వ విద్యార్థుల్లో ఎవరైనా ప్రజాప్రతినిధి అయి ఉంటే, ‘సభలో ఎందుకు లేవు?’ అని అడిగేకన్నా ‘ఆ బిల్లును కమిటీకి పంపమని ఎందుకు అడగలేదు?’ అని అడగండి. మీరు అడిగితే సమాధానం చెప్పక తప్పదు.

బిల్లులను పరిశీలించే కమిటీలు ప్రజాభిప్రాయం కోరుతూ పత్రికల్లో ప్రకటనలు వేస్తాయి. మాలాంటివాళ్లు రాస్తే ఎవరైనా చదువుతారా? నిజం చెప్పండి. (గృహిణి)

నిజమే చెబుతాను. నేను చదివాను. ఉత్తరాలన్నీ చదివి, క్లాజుల వారీగా పట్టిక వేసి కమిటీ ముందుంచడం నా ఉద్యోగంలో భాగం.

చాలా ఏళ్ల కిందట ఒక బిల్లు మా సెలెక్ట్ కమిటీకి వచ్చింది. అది ఏ శాఖదన్నది వదిలేద్దాం. అధికారి ఇచ్చే ఉత్తర్వు నచ్చనివారు అప్పీలు చేసుకోవచ్చని, అందుకు ముప్పై రోజుల గడువని అందులో ఒక క్లాజు ఉంది. ప్రకటన వేశాక రెండు వందలకు పైగా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువ వాటిలో ‘ఈ బిల్లు మంచిది’ అనో, ‘ఈ బిల్లును వెనక్కి తీసుకోండి’ అనో ఉంది. వాటిని రెండు కట్టలుగా కట్టి లెక్క రాసుకోవడం తప్ప వేరే ఏమీ చేయలేకపోయాం.

ఆ కట్టల్లో చేరని కవరు ఒకటుంది. లోపల గీతల కాగితం మీద నీలి సిరాతో రాసిన ఒక పేజీ, దానికి గుండుసూదితో గుచ్చిన మరో పాత ఖాళీ కవరు. రాసింది ఒక పెద్దావిడ. పాత చట్టం కింద తనకు వ్యతిరేకంగా ఒక ఉత్తర్వు వచ్చిందట. అధికారి సంతకం పెట్టిన ముప్పై నాలుగో రోజున అది ఆమె ఇంటికి చేరింది. కవరు విప్పేసరికే అప్పీలు గడువు దాటిపోయి నాలుగు రోజులైంది. ‘తపాలా ముద్ర చూడండి’ అని రాశారు. కింద ఇంకొక వాక్యం: కొత్త బిల్లులో ఫలానా క్లాజులో కూడా ‘ఉత్తర్వు ఇచ్చిన తేదీ నుంచి ముప్పై రోజులు’ అనే ఉంది, ‘ఇచ్చిన’ అన్నచోట ‘అందిన’ అని రాస్తే నాలాంటివాళ్లకు ముప్పై రోజులూ మిగులుతాయి.

ఆ బిల్లు ముసాయిదా అప్పటికి ముగ్గురు న్యాయశాఖ అధికారుల చేతులు దాటింది. నేనూ పదిసార్లు చదివాను. మాలో ఎవరికీ కనబడలేదు. మాకు ఉత్తర్వులు సంతకం పెట్టే చోటు తెలుసు. అవి చేరే గుమ్మం ఎలా ఉంటుందో ఆవిడకు తెలుసు.

కమిటీ సమావేశంలో అధ్యక్షుడు ఆ పాత కవరును బల్ల చుట్టూ తిప్పించారు. ఒక్కొక్కరూ వెలుతురుకేసి పట్టుకుని తపాలా ముద్ర చూశారు. శాఖ అధికారి అభ్యంతరం చెప్పారు. ఎప్పుడు అందిందో ఎలా రుజువు చేస్తాం, అందరూ నిన్ననే అందిందంటే ఏం చేస్తాం అన్నారు. అదీ న్యాయమైన ప్రశ్నే. ఉత్తర్వును రిజిస్టర్డ్ పోస్టులో పంపి, అందినట్టు సంతకం చేసిన రసీదును ఫైలులో ఉంచాలని ఒక సభ్యురాలు సూచించారు. చర్చ ముప్పావు గంట సాగింది. ఆఖరికి క్లాజులో ఒక మాట మారింది, కింద ఒక ఉపక్లాజు చేరింది. సవరణల జాబితాలో ‘ఇచ్చిన అను పదమునకు బదులుగా అందిన అను పదము ఉంచవలెను’ అన్న వరుసను నా చేత్తో రాశాను. సభలో ఆ క్లాజు ఓటుకు వచ్చినప్పుడు పట్టుమని పది సెకన్లు కూడా పట్టలేదు. టీవీలో చూసినవారికి మాస్టారు వర్ణించిన దృశ్యమే కనబడి ఉంటుంది.

ఆమెకు ఆ సంగతి తెలియజేసే పద్ధతి అప్పట్లో మాకు లేదు. నేనైనా ఒక కార్డు ముక్క రాయాల్సింది. రాయలేదు. ఆ లోటు నన్ను ఇప్పటికీ వెంటాడుతుంది.

కాబట్టి రాయండి. అయితే ఆమెలా రాయండి. క్లాజు నంబరు వేయండి. ఏ మాట మారాలో, దాని బదులు ఏ మాట ఉండాలో చెప్పండి. మీకు జరిగిందేమిటో నాలుగు వాక్యాల్లో చెప్పండి, ఆధారం ఉంటే జతచేయండి. ఒకే నమూనా ఉత్తరం మీద వెయ్యిమంది సంతకాలు చేసి పంపితే అది ఒక్క ఉత్తరం కిందే లెక్క. వెయ్యి అనుభవాలు వస్తే వెయ్యి ఉత్తరాలు.

కమిటీ దాకా ఆగనక్కర్లేదు కూడా. ముసాయిదా బిల్లులను కనీసం ముప్పై రోజులు ప్రజల ముందు ఉంచి అభిప్రాయాలు తీసుకోవాలని కేంద్ర ప్రభుత్వం 2014లో ఒక విధానం పెట్టుకుంది. అన్ని శాఖలూ దాన్ని పాటించడం లేదు. పాటించినప్పుడైనా మనం ఆ ముప్పై రోజులను వాడుకోవాలి. ఫిన్లాండ్‌లో 2012 నుంచి యాభై వేల మంది సంతకాలు చేస్తే పౌరులు రాసిన ప్రతిపాదననే పార్లమెంటు చర్చకు తీసుకోవాలి. స్వలింగ జంటల వివాహాన్ని గుర్తించే చట్టం అక్కడ అలా పౌరుల ప్రతిపాదనగా మొదలై, 2017 మార్చిలో అమలులోకి వచ్చింది.

చట్టాల భాష ఎందుకంత వంకరగా ఉంటుంది? ఒక్క వాక్యం పేజీ దాటుతుంది. మామూలు మనిషికి అర్థం కాకూడదనే అలా రాస్తారా? (లారీ డ్రైవరు)

మీ వృత్తి చూసి ఒక డ్రైవర్ల కథే చెబుతాను. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఓవర్‌టైమ్ చట్టం ఉంది. పాడైపోయే ఆహార పదార్థాల పనిలో ఉన్న కొందరికి ఆ అదనపు వేతనం ఇవ్వనక్కర్లేదని అందులో మినహాయింపు ఉండేది. డబ్బాల్లో నింపడం, నిల్వ చేయడం అంటూ వరుసగా పనులు చెప్పి, చివర ‘రవాణా కోసం లేదా పంపిణీ కోసం ప్యాకింగు చేయడం’ అనీ చదువుకోవచ్చు, ‘రవాణా కోసం ప్యాకింగు చేయడం లేదా పంపిణీ చేయడం’ అనీ చదువుకోవచ్చు, అలా రాశారు. మధ్యలో ఒక కామా ఉంటే రెండో అర్థం ఖాయమయ్యేది. అది లేదు. పాల కంపెనీ డ్రైవర్లు పంపిణీ చేస్తారు, ప్యాకింగు చేయరు. మాకు ఈ మినహాయింపు వర్తించదు, ఓవర్‌టైమ్ ఇవ్వండి అన్నారు. అప్పీలు కోర్టు 2017లో ఆ వాక్యానికి రెండు అర్థాలు వస్తున్నాయని తేల్చి, కార్మికులకు మేలు చేసే అర్థం తీసుకుంది. 2018లో కంపెనీ యాభై లక్షల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. కోర్టు తీర్పు వచ్చిన సంవత్సరమే శాసనసభ ఆ వాక్యాన్ని తిరిగి రాసింది.

ముసాయిదా రాసేవారి భయం అదే. ప్రతి వాక్యాన్నీ ఎవరో ఒకరు కోర్టులో పట్టి లాగుతారు. ఎటు లాగినా చిరగకుండా ఉండాలని మూల మూలనా కుట్లు వేస్తూ పోతారు. కుట్లు ఎక్కువై బట్ట కనబడదు. దురుద్దేశంతో అలా రాసిన చట్టం నా అనుభవంలో అరుదు. కానీ మీ ప్రశ్నలోని బాధను కొట్టిపారేయను. చట్టం తెలియదన్నది ఏ కోర్టులోనూ సాకుగా పనిచేయదు. అందరూ తెలుసుకుని తీరాలన్నప్పుడు అందరికీ తెలిసేలా రాయడం ప్రభుత్వం బాధ్యత. వాక్యాన్ని విడగొట్టి రాస్తే న్యాయం చెడిపోదు. ఈ విషయంలో నేను మా శాఖవారితో సర్వీసంతా పోట్లాడాను, ఎక్కువసార్లు ఓడిపోయాను.

మీరు చదివేటప్పుడు క్రియ మీద కన్నేయండి. ‘అధికారి ఇవ్వాలి’ అంటే మీకు హక్కు. ‘అధికారి ఇవ్వవచ్చు’ అంటే ఆయన ఇష్టం. సగం చట్టాల బలం ఆ రెండు క్రియల్లోనే ఉంటుంది.

రాష్ట్రపతి సంతకం చేయకపోతే ఏమవుతుంది? (ఎనిమిదో తరగతి విద్యార్థి)

మన రాష్ట్రపతి మామూలు బిల్లును ఒకసారి పునరాలోచనకు వెనక్కి పంపవచ్చు. రెండు సభలూ మళ్లీ ఆమోదిస్తే ఆమోదముద్ర వేయాలి. 2006లో అబ్దుల్ కలాం లాభదాయక పదవుల బిల్లును వెనక్కి పంపారు, పార్లమెంటు మళ్లీ ఆమోదించాక సంతకం చేశారు. అయితే ఎన్ని రోజుల్లోగా తేల్చాలో రాజ్యాంగం చెప్పలేదు. 1986లో ఉత్తరాలను తెరిచి చూసే అధికారం గురించిన తపాలా సవరణ బిల్లు మీద అప్పటి రాష్ట్రపతి జైల్‌సింగ్ సంతకమూ చేయలేదు, వెనక్కీ పంపలేదు. అమెరికా అధ్యక్షుడికి ఆదివారాలు మినహా పది రోజుల గడువు. ఆయన తిరస్కరించినా రెండు సభల్లో మూడింట రెండు వంతుల మంది కోరితే చట్టమవుతుంది. బ్రిటన్ సింహాసనం ఒక బిల్లును చివరిసారి తిరస్కరించింది 1708లో, రాణి ఆన్ కాలంలో. మంచి ప్రశ్న అడిగావు నాయనా.

మెజారిటీ ఉన్నవాడు ఏదైనా చేసుకోవచ్చు. విప్ (ఎలా ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం) జారీ అయితే సభ్యుడు నోరెత్తలేడు. సభ లేకపోతే ఆర్డినెన్స్. ఇక మీరు చెప్పే కమిటీలు, క్లాజులు, ఉత్తరాలు ఎందుకు? (చిరు వ్యాపారి)

మీ కోపంలో సగం నిజం ఉంది. 1985లో రాజ్యాంగంలో చేరిన పదో షెడ్యూలు ప్రకారం, విప్‌కు వ్యతిరేకంగా ఓటేసినా, ఓటుకు గైర్హాజరైనా సభ్యత్వం పోవచ్చు. ఫిరాయింపులు ఆపడానికి తెచ్చిన ఆ నిబంధన సాధారణ బిల్లుల మీద కూడా సభ్యుడి చేతులు కట్టేసింది. ప్రభుత్వం పడిపోయే తీర్మానాలకూ ద్రవ్య బిల్లులకూ విప్‌ను పరిమితం చేసి, తక్కినవాటిపై సభ్యుడిని తన తెలివితో ఓటేయనివ్వాలని నా గట్టి అభిప్రాయం.

కానీ ‘ఏదైనా చేసుకోవచ్చు’ అన్నమాట ఒప్పుకోను. 1973లో కేశవానంద భారతి కేసులో పదమూడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏడుగురి మెజారిటీతో, ఎంత మెజారిటీ ఉన్నా రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మార్చడం కుదరదని తేల్చింది.

ఆర్డినెన్స్ మాట ఎత్తారు కాబట్టి ఒక అధ్యాపకుడి సంగతి చెప్పాలి. ఆర్డినెన్స్ అంటే సభ సమావేశంలో లేనప్పుడు అత్యవసరంగా తెచ్చే తాత్కాలిక శాసనం. సభ తిరిగి కూడిన ఆరు వారాల్లో చట్టంగా మారకపోతే దాని ఆయువు తీరుతుంది. పుణెలో ఆర్థికశాస్త్రం బోధించే డి.సి. వాధ్వా వేరే పరిశోధన కోసం బిహార్ గెజిట్లు తిరగేస్తూ, ఒకే ఆర్డినెన్స్ మళ్లీ మళ్లీ కనబడటం గమనించారు. ఆరు వారాల గడువు ముగిసేలోగా అదే మాటలతో మళ్లీ జారీ చేస్తున్నారు. ఆయన ఓపిగ్గా లెక్కపెట్టారు. 1967 నుంచి 1981 వరకు 256 ఆర్డినెన్సులను అలా బతికించారు, కొన్నిటిని పద్నాలుగేళ్ల దాకా. అన్నేళ్లు ఆ శాసనాల మీద శాసనసభ ఓటు లేదు. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు. అది రాజ్యాంగానికి చేసిన మోసమని 1986 డిసెంబరులో కోర్టు తీర్పు చెప్పింది.

ఆ గెజిట్లు రహస్య పత్రాలు కావు. అచ్చయి గ్రంథాలయాల్లో ఉన్నాయి. ఆ పద్నాలుగేళ్లూ వాటిని చేతుల్లోకి తీసుకున్నవారు చాలామందే ఉంటారు. చదివి లెక్కపెట్టింది ఒకరు.

చట్టంలో ఎక్కడ చూసినా ‘నిర్దేశించిన రుసుము’, ‘నిర్దేశించిన నమూనాలో’ అని ఉంటుంది. ఆ నిర్దేశించేది ఎవరు? (మీసేవా కేంద్రంలో పనిచేసే యువతి)

చాలా అవసరమైన ప్రశ్న. నిర్దేశించేది సభ కాదు, ప్రభుత్వ శాఖ. చట్టం అస్థిపంజరమైతే రూల్స్ దాని కండ. రుసుము ఎంత, దరఖాస్తు ఎలా ఉండాలి, ఎవరి దగ్గర ఇవ్వాలి అన్నవన్నీ రూల్స్‌లో ఉంటాయి. సామాన్యుడికి రోజూ తగిలేది చట్టం కన్నా రూల్సే. సభలో వాటి మీద చర్చ జరగడం బహు అరుదు. కేంద్ర చట్టాల్లో మామూలుగా చివరి సెక్షన్లలో ఒక రక్షణ ఉంటుంది. రూల్స్‌ను రెండు సభల ముందూ సమావేశాలు జరిగే ముప్పై రోజుల పాటు ఉంచాలి, సభలు కోరితే మార్చాలి లేదా రద్దు చేయాలి. రూల్స్ చట్టం గీత దాటాయేమో చూడటానికి ప్రతి సభకూ ఒక కమిటీ ఉంది. కౌంటరు ముందు నిలబడినవారి ఇబ్బంది మీకు తెలిసినంతగా ఆ కమిటీ సభ్యులకు తెలియదు. ఏ రూలు దగ్గర జనం ఆగిపోతున్నారో మీరు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. మూడు నెలల తరువాత ఆ పేజీలు నాకు పంపండి. ఏ చిరునామాకు ఎలా పంపాలో నేను చెబుతాను.

నా జీవితంలో మొదటిసారి ఒక బిల్లు ప్రతి సంపాదించాను. తొంభై పేజీలు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? (నర్సింగ్ విద్యార్థిని)

వెనక నుంచి మొదలుపెట్టు తల్లీ. బిల్లు చివర ‘ఉద్దేశాలు, కారణాల ప్రకటన’ అని ఒకటి రెండు పేజీలు ఉంటాయి. మామూలు భాషలో ఉంటుంది, ఈ బిల్లు ఎందుకు తెచ్చారో ప్రభుత్వం తన మాటల్లో చెబుతుంది. దాని పక్కనే ఖర్చు ఎంతవుతుందో చెప్పే పత్రం, ఏయే విషయాలు రూల్స్‌కు వదిలేశారో చెప్పే పత్రం ఉంటాయి. ఈ మూడో దాన్ని ఎవరూ చూడరు. నువ్వు చూడు. బిల్లులోని అసలు విషయాలన్నీ రూల్స్‌కే వదిలేసి ఉంటే, నీ చేతిలో ఉన్నది సగం బిల్లే.

తరువాత రెండో క్లాజుకు వెళ్లు. అక్కడ నిర్వచనాలు ఉంటాయి. ‘నర్సు’ అంటే ఎవరు, ‘ఆసుపత్రి’ అంటే ఏది అని అక్కడ రాసినదే లోపలంతా చెల్లుతుంది, మన మనసులో ఉన్న అర్థం చెల్లదు. నీ పని, నీలాంటివారి పని ఆ నిర్వచనంలోకి వస్తుందో లేదో ఒక కాగితం మీద రాసి చూసుకో. ఆ తరువాత శిక్షల క్లాజులు, ఆపైన అప్పీలు క్లాజు. గడువు ఎన్ని రోజులో చూడగానే ఆగిపోకు, ఆ రోజులను ఏ తేదీ నుంచి లెక్కపెడుతున్నారో చూడు. సందేహం వచ్చిన ప్రతిచోటా పెన్సిలుతో గీత గీసి, అంచున క్లాజు నంబరు వేసుకో. అభిప్రాయాలు పంపడానికి గడువు ఎప్పటిదాకా ఉందో నీ ఉత్తరంలో రాయలేదు. ముందు అది చూడు, ఇవాళే.